చిన్న నాటక బృందంతో ఊళ్లు తిరగాలంటే: హాలు కంటే ముందు మనిషిని వెతుక్కోండి

నమస్తే అండి. మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ నాటకాలు వేసే ఎనిమిది మంది మీరు. ఒక రచయిత కథను తీసుకుని 70 నిమిషాల ప్రయోగాత్మక నాటకం చేశారు. మాటలు తక్కువ, కదలిక ఎక్కువ, ప్రేక్షకులు మూడు వైపులా కూర్చుంటారు. నగరంలో వేసిన షోలు బాగానే వెళ్లాయి. ఇప్పుడు రెండు వారాలు సెలవు పెట్టి తెలంగాణ, ఆంధ్రల్లో పది ఊళ్లు తిరగాలనుకుంటున్నారు. ఆడిటోరియంలు ఎలా దొరుకుతాయి, వ్యాన్ మేలా రైలు మేలా, పెట్టిన డబ్బు వెనక్కి వస్తుందా, చిన్న ఊళ్లలో ఇలాంటిది ఎవరికైనా అర్థమవుతుందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. వెళ్లండి. కానీ పది ఊళ్లు వద్దు, మొదటిసారికి ఐదారు చాలు. పెద్ద ఆడిటోరియంల జోలికి పోకండి. హాలు సంగతి తర్వాత, ముందు ఊరికొక మనిషిని వెతుక్కోండి. మనిషి దొరకని ఊరు ఎంత పేరున్నదైనా లిస్టులోంచి కొట్టేయండి. డబ్బు విషయానికొస్తే, తిండీ బసా ఊరివాళ్లు చూసుకుని, వ్యాన్ ఖర్చులో సగానికి పైగా షో తర్వాత ప్రేక్షకుల ముందు పట్టే జోలెలో పడితే ఆ టూర్ బాగా జరిగినట్టే. మీ సెలవు జీతాలు, రిహార్సల్ ఖర్చులు తిరిగొస్తాయని లెక్కలో రాసుకోవద్దు. ఇక అర్థం కావడం గురించి మీకున్న భయం అనవసరం. ఎందుకో కింద చెప్తాను.

నేను చాలా ఏళ్లుగా కోస్తాలోని ఒక చిన్న బృందంలో ఉన్నాను. నటిగా చేరాను, తర్వాత టూర్ మేనేజర్ పని నెత్తిన పడింది. అందుకే ఈ జవాబులో కళ గురించి తక్కువ, తాళంచెవుల గురించి ఎక్కువ ఉంటుంది.

‘మనిషి’ అంటే ఎవరు? లెటర్‌హెడ్ ఉన్న సంస్థ అధ్యక్షుడు అనుకోకండి. సాయంత్రం నాలుగింటికి హాలు తాళం తీయించగలిగే మనిషి. వాచ్‌మన్ పేరు తెలిసిన మనిషి. ‘మా ఊరికి ఒక నాటకం వస్తోంది, మీరు రావాలి’ అని కనీసం ముప్పై ఇళ్లకు తనంతట తాను ఫోన్ చేసే మనిషి. రిటైరైన టీచర్లు, డిగ్రీ కాలేజీ లెక్చరర్లు, లైబ్రేరియన్లు, ఎల్ఐసీ, బ్యాంకు ఉద్యోగుల సంఘాల్లో సాహిత్యం చదివేవాళ్లు, సైన్స్ ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదికలో తిరిగేవాళ్లు, ఊళ్లో ఒక చిన్న కవుల గుంపు నడిపేవాళ్లు. వీళ్లలో ఒక్కరు చాలు. ఒక ఊళ్లో మమ్మల్ని పిలిచిన సంస్థకు బ్యానర్, కరపత్రం, ముఖ్య అతిథి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. సాయంత్రం ఆరైనా గేటుకు తాళమే. వాచ్‌మన్ బంధువుల పెళ్లికి వెళ్లాడు, ఆయన నంబర్ ఎవరి దగ్గరా లేదు. అదే టూర్‌లో ఇంకో చిన్న టౌన్‌లో ఒక లెక్చరర్ ఒక్కరే అన్నీ చూసుకున్నారు. ఆవిడ దగ్గర బ్యానర్ లేదు. షో మొదలయ్యేసరికి కింద కూర్చోవడానికి కూడా చోటు లేదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1940ల్లో కమ్యూనిస్టుల కళాబృందం ప్రజానాట్యమండలి ‘మా భూమి’ నాటకాన్ని ఊరూరా తిప్పగలిగిందంటే, దళం ఏ ఊరు చేరినా అన్నం పెట్టి అరుగు చూపించే సంఘం మనుషులు అక్కడ ముందే ఉన్నారు. సురభి నాటక సమాజం వాళ్లది ఇంకో పద్ధతి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన ఆ కుటుంబాలు పెద్ద డేరా, తెరలు, వంట సామాను, పిల్లాజెల్లాతో సహా వచ్చి ఒక ఊళ్లో మకాం వేసేవి. ఊరు అదే, రోజుకో నాటకం. మీరు చేయబోయేది దానికి తిరగేసింది. నాటకం అదే, రోజుకో ఊరు. డేరా వేయడానికైన ఖర్చును వాళ్లు వారాల తరబడి రాబట్టుకునేవాళ్లు. మీకు ఆ వీలు లేదు కాబట్టి డేరా లాంటిదేదీ మీ వెంట ఉండకూడదు.

ఆడిటోరియంలు ఎందుకు వద్దంటున్నానంటే, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం, రాజమండ్రి ఆనం కళాకేంద్రం లాంటివి వందల సీట్ల హాళ్లు. మీ నాటకానికి వచ్చేది ఎనభై నుంచి నూటఇరవై మంది. అంత హాల్లో వాళ్లు అక్కడక్కడా విసిరేసినట్టు కూర్చుంటే, బాగా ఆడిన నాటకం కూడా ఫెయిలైనట్టు కనిపిస్తుంది. పైగా అద్దె, డిపాజిట్, కరెంటు చార్జీ, టైం దాటితే అదనం. మూడు వైపులా జనాన్ని కూర్చోబెట్టే వీలూ ఉండదు. అయితే ఒకోసారి ఊరివాళ్లు ప్రేమకొద్దీ పెద్ద హాలు ముందే బుక్ చేసేస్తారు. అప్పుడు మేం చేసేది ఒకటే: మెయిన్ తెర మూసేసి, ప్రేక్షకుల్ని స్టేజి మీదకే ఎక్కించి, జంపఖానాలు పరిచి మూడు వైపులా కూర్చోబెడతాం. స్టేజి మీదే నాటకం, స్టేజి మీదే జనం. హాలు మేనేజర్ కాసేపు గొణుగుతాడు, తర్వాత ఆయనే వచ్చి ఓ మూల కూర్చుంటాడు.

మీలాంటి నాటకానికి బాగా కుదిరేవి కాలేజీ సెమినార్ హాళ్లు, డాన్స్ స్కూళ్లు, గ్రంథాలయంలో పై అంతస్తు, సంఘాల ఆఫీసులు, పెద్ద డాబాలు, ఖాళీ గోడౌన్లు. హైదరాబాద్‌లో లామకాన్ అనే చిన్న కళావేదిక ఆవరణ చూసే ఉంటారు, ఆ సైజు చోటు ఏ ఊళ్లోనైనా ఒకటి ఉంటుంది. ఇంకొకటి చాలామందికి తట్టదు: ఫంక్షన్ హాళ్లు. ముహూర్తాలు లేని రోజుల్లో అవి ఖాళీగా పడుంటాయి. ఓనర్‌కు తెలిసినవాళ్లు చెప్తే కరెంటు, స్వీపర్ డబ్బులకే మినీ హాలు ఇచ్చేస్తారు. టూర్ తేదీలు పెట్టుకునే ముందు పంచాంగం చూడండి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కానీ వానలు. మూఢం ఎప్పుడొస్తుందో ఏటికేడు చూసుకోవాలి. నాకు నచ్చేది ధనుర్మాసం. డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా పెళ్లిళ్లుండవు, వానలు పోతాయి, ఎండ ఉండదు, ఆరున్నరకే చీకటి పడుతుంది కాబట్టి ఆరుబయట కూడా లైట్లు పనిచేస్తాయి. అక్టోబర్, నవంబర్ నెలల్లో కోస్తా వైపు ప్లాన్ చేయకండి, తుఫాను హెచ్చరిక ఒక్కటి వస్తే కాలేజీలన్నీ మూతపడతాయి.

ధనుర్మాసంలో ఒక చిక్కుంది. అది అయ్యప్ప సీజన్. టెంపో ట్రావెలర్లన్నీ శబరిమల దారిలో ఉంటాయి, మిగిలినవాళ్లు రేటు పెంచుతారు. వ్యాన్ కనీసం రెండు నెలల ముందు మాట్లాడి అడ్వాన్స్ ఇచ్చేయండి. విజయవాడలో భవానీ దీక్షల విరమణ రోజులు తగిలితే లాడ్జిలో గది దొరకడం కష్టం, ఆ తేదీలు కూడా చూసుకోండి.

వ్యానా, రైలా? వ్యానే. రైల్లో స్లీపర్ టికెట్‌కు మనిషికి 40 కిలోల సామాను ఉచితమే కానీ, స్టేషన్ నుంచి హాలుకు మూడు ఆటోలు, హాలు నుంచి బసకు మూడు ఆటోలు, షో అయ్యాక రాత్రి పదింటికి ఆటోవాళ్లతో బేరం. ఇది నాలుగో ఊరికే ప్రాణం తీస్తుంది. శ్రీకాకుళం లాంటి దూరం ఊరికి నేరుగా వెళ్లి అక్కడే రెండు మూడు షోలు వేసుకునే పనైతే రైలు మంచిదే.

వ్యాన్ బేరంలో తెలుసుకోవాల్సింది కిలోమీటరు రేటు ఒక్కటే కాదు. రోజుకు కనీసం 250 లేదా 300 కిలోమీటర్లు అని కడతారు. బండి కదలకపోయినా ఆ డబ్బు ఇవ్వాల్సిందే. డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ వేరే. అందుకని ఊళ్ల మధ్య దూరం మరీ తక్కువైతే కట్టిన డబ్బు వృథా, మరీ ఎక్కువైతే మనుషులు వృథా. పసుపు బోర్డు (ట్యాక్సీ) బండే తీసుకోండి. రాష్ట్రం దాటుతున్నారు కాబట్టి పర్మిట్ పన్ను ఎవరిదో ముందే రాసుకోండి, దారిలో తేల్చుకుందామనుకుంటే ఆ రోజు షో పోయినట్టే. పదిహేడు సీట్ల బండి తీసుకుని వెనక వరస సామానుకి వదలండి. పైన క్యారియర్ మీద సామాను కడితే దింపడానికే అరగంట పడుతుంది.

షో అయ్యాక రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. ‘తెల్లారేసరికి అక్కడుంటే రోజంతా ఖాళీ కదా’ అని ఎవరో ఒకరు అంటారు. డ్రైవర్ పగలంతా మీ సామాను మోయడంలో సాయం పట్టి, మీ నాటకం కూడా చూసి, రాత్రి లారీల మధ్య హైవే ఎక్కాలి. ఆ మాట అన్నవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టినా సరే, నేను ఒప్పుకోను.

మీకు నేను సూచించే దారి: హైదరాబాద్, సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ, తెనాలి, గుంటూరు, అక్కడి నుంచి పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నల్గొండ, మళ్లీ ఇల్లు. ఎక్కడా రోజుకు 200 కిలోమీటర్లు దాటదు. విజయవాడ, తెనాలి, గుంటూరు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఒకే చోట బస పెట్టి మూడూ కానిచ్చుకోవచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు, ఒక రోజు పూర్తిగా పడుకోవచ్చు. తెనాలిలో మాత్రం జాగ్రత్త. అక్కడ నాటకం చూసి చూసి పండినవాళ్లు ముందు వరసలో కూర్చుంటారు. వాచకంలో ఒక ఒత్తు జారినా వాళ్లకు తెలిసిపోతుంది, షో అయ్యాక మొహం మీదే చెప్తారు. నాకైతే ఆ ఊరంటే ఇష్టం.

సెట్టు విషయంలో కోల్‌కతాలో నాటకకర్త బాదల్ సర్కార్ 1970ల్లో తన ‘శతాబ్ది’ బృందంతో చేసిన పనిని గుర్తు పెట్టుకోండి. సెట్టు, లైట్లు, మేకప్ అన్నీ వదిలేసి, ఏ గదిలోనైనా ఏ మైదానంలోనైనా వేయగల నాటకం తయారుచేశారు. ఎక్కడికైనా తీసుకెళ్లగలగాలి, ఎలాగైనా మార్చుకోగలగాలి, ఖర్చు తక్కువ ఉండాలి. మీరు అంత దూరం వెళ్లనక్కర్లేదు. కానీ ఒక పరీక్ష పెట్టుకోండి: సామాను మొత్తం ఎనిమిది మంది ఒక్క విడతలో మోయగలగాలి. రెండో విడత పడితే ఏదో ఒకటి తీసేయండి. కుర్చీలు, బల్లలు, నిచ్చెన, జంపఖానాలు, అడ్డు తెరలు ప్రతి ఊళ్లో సప్లయర్స్ షాపులో దొరుకుతాయి. మోసుకెళ్లాల్సింది వాళ్ల దగ్గర దొరకనివే. కథ దేనిమీద నడుస్తుందో ఆ వస్తువు మాత్రం రెండు పెట్టుకోండి.

ఇక హాలు చేరాక ఏం చేస్తామో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే షో ఎలా వెళ్లేదీ అక్కడే తేలిపోతుంది. మధ్యాహ్నం మూడింటికల్లా చేరాలి. సామాను దింపకముందే ఒకరు మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొడతారు. ప్రతిధ్వని ఎక్కువగా ఉంటే గోడల పొడుగునా సప్లయర్స్ తెరలు కట్టిస్తాం. ఫ్యాన్లన్నీ వేసి ఒక డైలాగ్ చెప్పి చూస్తాం. పాత ఫ్యాన్ల మోతలో సన్నగా చెప్పే మాట రెండో వరస దాటదు. ఫ్యాన్లు ఆపితే జనం ఉడికిపోతారు. అందుకే ఆట స్థలం మీదవి ఆపి, జనం మీదవి సగం స్పీడులో ఉంచుతాం. తర్వాత నేల. ఫంక్షన్ హాళ్లలో నునుపు గ్రానైట్ ఉంటుంది, మీలా దొర్లే, దూకే నాటకానికి అది మోకాళ్ల శత్రువు. జంపఖానా పరిస్తే అది జారుతుంది. నాలుగు అంచులకూ వెడల్పు టేపు వేయాలి, మధ్యలో ముడత లేకుండా ఇద్దరు లాగి పట్టుకోవాలి. మోకాలి ప్యాడ్లు అందరికీ ఉండాలి.

తర్వాత, నవ్వకండి, బాత్రూం ఎక్కడుందో చూడండి. ఒక హాల్లో ఉన్న ఒకే ఒక్క బాత్రూం మా ఆట స్థలం వెనక ఉంది. నాటకం మంచి పట్టులో ఉండగా ఒక పెద్దాయన లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఎంతో మర్యాదగా వంగి వంగి మా మధ్య నుంచే వెళ్లారు. మళ్లీ అలాగే వచ్చారు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు ధైర్యం చేశారు. అప్పటి నుంచి బాత్రూం, బయటి తలుపు రెండూ జనం వెనక్కి వచ్చేలా ఆట స్థలం తిప్పుకుంటాం, వెలుతురు వచ్చే కిటికీ ఎటున్నా సరే. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి లోపలి గడియ ఉన్న గది, నీళ్లొచ్చే బాత్రూం ఉన్నాయా అని ఊరి మనిషిని ఫోన్‌లోనే అడగండి. ‘ఉంటాయిలెండి’ అంటే లేవని అర్థం.

లైట్లు. పాత వెయ్యి వాట్ల హాలోజన్లు మోసుకెళ్లకండి. స్కూలు గదుల్లో చిన్న సాకెట్‌కు అలాంటివి రెండు తగిలిస్తే సాకెట్ కాలుతుంది. చిన్న ఎల్ఈడీ పార్ లైట్లు (డబ్బా ఆకారం స్టేజి లైట్లు) ఆరు పెట్టుకున్నా మొత్తం కలిపి ఒక్క హాలోజన్ అంత కరెంటు తీసుకుంటాయి. పెద్ద పిన్ను సాకెట్ ఎక్కడుందో చూసుకుని అక్కడి నుంచే వైరు లాగండి. టెస్టర్, ఎక్స్‌టెన్షన్ బాక్సులు, నల్ల గుడ్డ, పురికొస, బైండింగ్ వైరు, సేఫ్టీ పిన్నులు ఒకే పెట్టెలో ఉండాలి, దాని మూత లోపల లిస్టు అంటించాలి. హాలు ట్యూబ్‌లైట్ల స్విచ్ బోర్డు దగ్గర మీ మనిషి ఒకరు నిలబడాలి. లేకపోతే ఎవరో దయగల ఆయన ‘పాపం చీకట్లో ఆడుతున్నారు’ అని లైట్లు వేసేస్తారు. ఇది జోక్ కాదు, జరుగుతుంది.

అనుమతుల సంగతి త్వరగా చెప్పేస్తాను. నాలుగు గోడల మధ్య వేస్తే సాధారణంగా హాలు యజమాని లేదా ప్రిన్సిపాల్ ఉత్తరం చాలు. ఆరుబయట మైకుతో వేస్తే స్థానిక పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వాలి, రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో ఆరుబయట ఆలోచనే పెట్టుకోకండి. బ్రిటిష్ కాలపు 1876 నాటక ప్రదర్శనల చట్టాన్ని కేంద్రం రద్దు చేసింది కానీ, ‘కథేంటమ్మా?’ అని ఎస్సై గారు అడగడం ఆగలేదు. అరపేజీ కథాసారాంశం దగ్గర పెట్టుకోండి. మీది కథ ఆధారంగా చేసిన నాటకం కాబట్టి రచయిత లేదా వారసుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. నగరంలో ఒకటి రెండు షోలు ఎవరూ పట్టించుకోకపోవచ్చు, పోస్టర్ వేసి ఊళ్లు తిరిగితే తప్పకుండా తెలుస్తుంది.

ఇప్పుడు డబ్బు. ఊరి మనిషితో మా ఒప్పందం ఇలా ఉంటుంది: హాలు, సప్లయర్స్ సామాను, భోజనం, బస మీవి, వ్యాను మాది, జోలె మాది. ఇది మెసేజ్‌లో రాసి పంపండి, మాట మీద వదలకండి. ఇంకో రెండు షరతులు కూడా. నాటకానికి ముందు ఉపన్యాసాలు ఉండవు. మాకు శాలువాలు వద్దు. శాలువా కప్పించుకుంటే పుణ్యం వస్తుందేమో గానీ డీజిల్ రాదు, ఆ ఖర్చుతో మరుసటి రోజు టిఫిన్ పార్సిల్ కట్టించమంటాం. అందరూ నవ్వి ఒప్పుకుంటారు.

టికెట్ పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు. నాటకం టికెట్ 500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ లేదు. కానీ చిన్న ఊళ్లలో ముక్కూమొహం తెలియని బృందానికి ముందే డబ్బిచ్చి ఎవరూ రారు. చూశాక ఇస్తారు, టికెట్ ధర కంటే ఎక్కువ కూడా ఇస్తారు. జోలె పట్టే సమయం ముఖ్యం. చప్పట్లు ఆగకముందే, ఎవరూ మైకు అందుకోకముందే, నాటకంలో ముఖ్య పాత్ర వేసినవాళ్లు అదే చెమట మొహంతో తలుపు దగ్గర నిలబడాలి. క్యూఆర్ కోడ్‌ను పెద్ద అక్షరాల పేరుతో అట్ట మీద అంటించి పక్కన ఇంకొకరు పట్టుకోవాలి. పెద్దవాళ్లు నోట్లు వేస్తారు, కుర్రాళ్లు ఫోన్ తీస్తారు. వ్యాన్ అడ్వాన్స్ కోసం బయల్దేరే ముందు హైదరాబాద్‌లోనే ఒక షో వేసి, ‘ఇది టూర్ ఖర్చుకు’ అని చెప్పి వసూలు చేయండి. ప్రభుత్వ గ్రాంట్ల గురించి ఇప్పుడే ఆలోచించకండి. వాటికి రిజిస్టరైన సంస్థ, కొన్నేళ్ల ఆడిట్ లెక్కలు కావాలి. రిజిస్ట్రేషన్ మాత్రం ఈ ఏడే చేయించండి.

అర్థమవుతుందా? నా అనుభవంలో పల్లె ప్రేక్షకుడితో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. చిందు భాగవతం, ఒగ్గు కథ, తోలుబొమ్మలాట చూసిన కళ్లకు కర్రే గుర్రమంటే గుర్రమే, ఒక్కడే పదిమంది అయితే పదిమందే. ఇబ్బంది ఎక్కువగా టౌన్లలో, సోఫా సెట్టు ముందు వేలాడే మైకు కిందకొచ్చి నిలబడి డైలాగ్ చెప్పే పరిషత్తు నాటకాలకు, అంటే పోటీ నాటకాలకు, అలవాటుపడ్డవాళ్లతో. మా నాటకం ఒకదాంట్లో ఒక పొడుగాటి తెల్ల గుడ్డ ఉండేది. టౌన్‌లో షో అయ్యాక ఒకాయన ‘ఆ గుడ్డ సింబాలిజం వివరిస్తారా’ అని పది నిమిషాలు అడిగారు. గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో నాటకం నడుస్తుండగానే ఒక అవ్వ పక్కావిడతో పైకే అంది: ‘ఇందాక ఏరు. ఇప్పుడు పాడె మీద గుడ్డ. చూడు, ఎట్టా మడిచారో.’ బ్రిటిష్ నాటక దర్శకుడు పీటర్ బ్రూక్ 1972 చివర్లో తన నటుల్ని తీసుకుని ఆఫ్రికా పల్లెల్లో తిరిగినప్పుడు ఒక్క తివాచీ పరిచి దానిమీదే ఆడేవాళ్లు, భాష కూడా కలవని జనం ముందు. మీకు భాషైనా ఉంది.

భాష అంటే గుర్తొచ్చింది. మీ నాటకంలో తెలంగాణ మాట ఉంటే కోస్తాలో మొదటి రెండు మూడు డైలాగులకు కొందరు నవ్వుతారు. శ్రీకాకుళం మాటకు హైదరాబాద్‌లో నవ్వినట్టే. సినిమాలు నేర్పిన నవ్వు అది. ఆగొద్దు, తడబడొద్దు, మాట మార్చొద్దు. ఐదు నిమిషాల్లో పోతుంది.

షో తర్వాత చర్చ పెట్టండి కానీ నాటకాన్ని మీరు వివరించకండి. ‘మీరేం చూశారు?’ అని అడగండి. మొదటి అవకాశం ఎవరికిస్తారన్నది ఊరి మనిషితో ముందే అనుకోండి. లేకపోతే మొదట లేచేది ఉపన్యాసం సిద్ధం చేసుకుని వచ్చినాయనే, తర్వాత ఇంకెవరూ నోరు తెరవరు. ఒక విద్యార్థితోనో, వెనక కూర్చున్న ఆడవాళ్లతోనో మొదలుపెట్టించండి.

ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. నాలుగో షోకి గొంతులు, ఓపికలు రెండూ తగ్గుతాయి, గొడవలు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి. విశ్రాంతి రోజు అక్కడే పెట్టండి, ఆ రోజు మాత్రం ఇళ్లలో కాకుండా లాడ్జిలో ఉండండి. ఇళ్లలో ఉంటే ఆప్యాయంగా అర్ధరాత్రి దాకా మాట్లాడిస్తారు, కాదనలేం. నాలుగింటికి టిఫిన్, షో తర్వాతే భోజనం. చిన్న ఊళ్లలో పది దాటితే హోటళ్లు మూసేస్తారు కాబట్టి సాయంత్రమే కర్రీ పాయింట్ నుంచి కూరలు తెప్పించి పెట్టుకోండి, చిన్న రైస్ కుక్కర్ వ్యాన్‌లో ఉంటే అన్నం వేడిగా తినొచ్చు. షో ఉన్న రోజు మధ్యాహ్నం బిర్యానీ అడిగినవాళ్లకు వద్దని చెప్పే అధికారం ఒకరికి ఇవ్వండి. ఆ ఒక్కరు నటించేవాళ్లు కాకపోతే మంచిది. ఎనిమిది మందీ నటులే అయితే తొమ్మిదో మనిషిని తీసుకెళ్లండి, లైట్లు, స్విచ్ బోర్డు, లెక్కలు అన్నీ ఆ మనిషివే.

పరిషత్తు పోటీలకు పంపాలా అని కూడా చివర్లో అడిగారు. పంపొచ్చు, పారితోషికం ఉంటుంది, జనం ఉంటారు. కానీ అక్కడ ఎదురుగా ఒక్క వైపే ప్రేక్షకులు, టైం లెక్క కచ్చితం, మీ ముందు నాటిక సెట్టు తీశాక మీకు దొరికేది కొద్ది నిమిషాలు. మూడు వైపుల నాటకాన్ని ఒక వైపుకి తిప్పి కట్టుకోవాలంటే అది కొత్త రిహార్సల్. టూర్‌తో కలపకండి, వేరే ఏడు చూసుకోండి.

లెక్కల పుస్తకం ఒకటి వ్యాన్‌లోనే ఉండాలి. జోలెలో ఎంత పడిందో ప్రతి రాత్రి అందరి ముందు లెక్కపెట్టి అందులో రాయండి, క్యూఆర్‌లో వచ్చింది కూడా. నల్గొండ నుంచి హైదరాబాద్ దారిలోనే ఎవరికెంత ఇవ్వాలో, ఎవరు చేతి డబ్బు పెట్టారో తేల్చేసి అందరిచేతా సంతకాలు పెట్టించండి. ఇల్లు చేరాక మళ్లీ ఎనిమిది మంది ఒక చోట కూర్చోవడానికి నెల పడుతుంది, అప్పటికి టోల్ రసీదులు సగం పోయి ఉంటాయి.